నలభై రెండో ఊరు

కనిగిరిలో పెళ్లిపత్రికలు వేయించుకున్న వాళ్లలో సగం మందికి జీవరత్నం ఎవరో తెలియదు. వాళ్ల పేర్లు, ఇంటిపేర్లు, తాతల పేర్లు మాత్రం జీవరత్నానికి నోటికొచ్చు. పామూరు బస్టాండు పక్కన కోటేశ్వర్లు శెట్టి ప్రెస్సులో ఇరవై నాలుగేళ్లు కూర్చుని డీటీపీ చేసిన మనిషి ఆవిడ. ఊళ్లో పెళ్లిళ్లన్నీ ముందు ఆవిడ వేళ్ల మీద జరిగి, తర్వాతే పందిట్లో జరిగాయి. ఒక్క పెళ్లికీ పిలుపు రాలేదు, అది వేరే సంగతి.

పుట్టింది హనుమంతునిపాడు మండలం తుమ్మగొందిలో. నాయన విశ్వాసం, అమ్మ ఏసమ్మ, ఇద్దరూ కూలికి పోయేవాళ్లే. కంది, సజ్జ, పొగాకు, ఏ కాలానికి ఏ పని ఉంటే ఆ పని. విశ్వాసానికి ఎప్పుడో సర్కారు ఇచ్చిన రెండెకరాల మెట్ట ఉండేది. అంటే, పట్టా కాగితం ఉండేది. అడంగల్‌లో మాత్రం ఆ పొలం ఎవరిదో వేరే పేరున పడి ఉంది. ఆ పేరు మార్పించుకోవడానికి ఆయన సగం జీవితం రెవెన్యూ ఆఫీసు చుట్టూ తిరిగాడు. పోయినప్పుడల్లా అర్జీ తీసుకుని ఒక అడంగల్ నకలు చేతిలో పెట్టి పంపేవాళ్లు. నకలు ఎన్నిసార్లయినా ఇస్తారు, పేరు మార్చమంటే మాత్రం సంబంధిత అధికారి సెలవులో ఉంటాడు. ఆయన పోయిన రోజు దిండు కింద పదకొండు నకళ్లు దొరికాయి. పదకొండింటిలోనూ ఆ వేరేవాడి పేరే ఉంది.

జీవరత్నం పది పాసై, కనిగిరిలో టైపు లోయరూ హయ్యరూ కట్టి పాసై, శెట్టి ప్రెస్సులో చేరింది. శెట్టి మంచివాడే, నోరే కొంచెం పెద్దది. చేరిన కొత్తల్లో ఒక తిరనాళ్ల పుస్తకం, పదహారు పేజీలు, మూడు రోజులు కూర్చుని కొట్టింది. ఆఖరి పేజీలో ఉండగా కరెంటు పోయింది. కాసేపటికి కరెంటు తిరిగొచ్చింది గానీ పుస్తకం తిరిగి రాలేదు. అరుస్తాడనుకుంటే శెట్టి స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"అమ్మాయ్, కరెంటు మనకేమన్నా చుట్టమా, చెప్పి పోవడానికి? ఒక లైను కొట్టు, కంట్రోల్ ఎస్ నొక్కు. ఇంకో లైను కొట్టు, మళ్లా నొక్కు. నీకు గుర్తున్నా లేకపోయినా నీ చేతికి గుర్తుండాల" అన్నాడు.

చేతికి బాగా గుర్తుండిపోయింది. ఎడమచేతి చిటికెన వేలు, దాని పక్క వేలు, రెండూ కలిసి లైనుకోసారి వంగేవి. చర్చిలో పాట పాడేటప్పుడు కూడా ఒక చరణం అయిపోగానే ఒళ్లోని పాటల పుస్తకం మీద ఆ రెండు వేళ్లు టక్కుమనేవి. పక్కన కూర్చున్నవాళ్లు తాళం వేస్తోందనుకునేవాళ్లు.

రెండో పాఠం ఇంకా గట్టిది. ఒక పత్రికలో పెళ్లికొడుకు పెదనాయన పేరు ముందు శ్రీ పడలేదు. తెల్లారేసరికి నలుగురు మనుషులొచ్చి "మా అన్న ఏమన్నా దారిన పోయేవాడా?" అని బల్ల గుద్దారు. పత్రికలన్నీ మళ్లీ వేయాల్సి వచ్చింది. అప్పట్నుంచి జీవరత్నం ఒకటే పెట్టుకుంది. గౌరవం ఇవ్వాల్సిన చోట ముందు శ్రీ పెట్టెయ్యాలి, అనుమానమొచ్చినా పెట్టెయ్యాలి. పెట్టినందుకు బల్ల గుద్దినవాడు ఇంతవరకూ లేడు.

పత్రికలు ఫోన్లలో పంపుకోవడం మొదలయ్యాక ప్రెస్సు నీరసించింది. జిల్లాలు విడగొట్టిన మరుసటి ఏడు మూతపడింది. "కందుకూరు నెల్లూరికి పోయె, అద్దంకి బాపట్లకు పోయె, నా ప్రెస్సు దేవుడి దగ్గరికి పోయె" అని శెట్టి తనే నవ్వి, తనే కళ్లు తుడుచుకున్నాడు.

నలభై ఆరేళ్ల వయసులో జీవరత్నానికి దొరికిన కొత్త పని నీళ్ల పరీక్ష గదిలో. ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు చుట్టుపక్కల నలభై రెండు ఊళ్ల బోరునీళ్లలో ఫ్లోరైడు ఎంతుందో కొలిపిస్తున్నారు. అన్నిటికన్నా చెడ్డ నీళ్లున్న ఇరవై ఊళ్లకు ఈ ఏడు శుద్ధి ప్లాంట్లు పెడతారు. మిగతా వాటి సంగతి మళ్లీ ఎప్పుడో, అసలు ఉంటుందో ఉండదో. మస్తానయ్య అనే ఆయన మోటారుసైకిలు మీద తిరిగి సీసాలు నింపుకొస్తాడు, మిషన్లో పెట్టి అంకె చెబుతాడు. జీవరత్నం ఊరికో ఫైలు పెట్టి ఆ అంకె ఎక్కిస్తుంది. వినడానికి ఇంతే.

ఆ అంకెల్లో ఏముందో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. తుమ్మగొందిలో పిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతారు, పళ్ల మీద గోధుమరంగు చారలు కనపడకుండా. ఏసమ్మ మోకాళ్లు చాపి పదేళ్లయింది. మెడ తిరగదు. పక్కనుంచి ఎవరైనా పిలిస్తే మనిషంతా తిరగాల్సిందే.

చిక్కల్లా ఆ గదిలోని కంప్యూటరుతో వచ్చింది. మార్కాపురం కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన బ్రహ్మం సారు దానికి వైరసు పట్టకుండా లినక్సు ఎక్కించాడు. పలక మీద సుద్దతో రాసినట్టు నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. బొమ్మల్లేవు, మౌసుకు పని లేదు. ఏం కావాలన్నా మాట కొట్టి అడగాలి. సారు ఆ మాటలు తెలుగులో ఒక కాగితం మీద రాసి గోడకు అంటించాడు. ఫైళ్లు చూడటానికి ఎల్ఎస్, వివరంగా చూడాలంటే పక్కన మైనస్ ఎల్. నకలు తీయడానికి సీపీ. పేరుగానీ చోటుగానీ మార్చడానికి ఎంవీ. జాబితా అని కొడితే ఊళ్లన్నిటికీ తేదీ ముద్ర వేసి, చెడ్డ నీళ్లది పైన వచ్చేట్టు పేర్చి చూపిస్తుంది. పంపు అని కొడితే ఒంగోలు ఆఫీసుకు మెయిలు పోతుంది. చివరి రెండూ సారు తను రాసిన మాటలు.

మొదటిరోజే గొడవ. పాస్‌వర్డు అడిగింది. జీవరత్నం కొట్టింది. తెర మీద ఒక్క అక్షరం పడలేదు, ఒక్క చుక్కా పడలేదు. కీబోర్డు చచ్చిపోయిందనుకుంది. మస్తానయ్య దాన్ని తిరగేసి దులిపాడు, నోటితో ఊదాడు, తీగ పీకి పెట్టాడు. నాలుగు చీమలు బయటపడ్డాయి గానీ అక్షరాలు పడలేదు. ఫోనులో బ్రహ్మం సారు పగలబడి నవ్వాడు.

"పాడేమీ కాలేదమ్మా. పాస్‌వర్డు చూపించదు, లోపల తీసుకుంటాది. కొట్టి ఎంటర్ నొక్కు."

చర్చిలో కానుక సంచిలోకి గుప్పిట మూసి చెయ్యి పెట్టినట్టు అన్నమాట అనుకుంది జీవరత్నం. కనిపించకపోయినా చేరుతుంది. ఆ సంగతి మనసులో గట్టిగా పెట్టుకుంది, కాస్త ఎక్కువ గట్టిగానే.

ఇంకోటి కూడా గమనించింది. కంప్యూటరు దేనికైనా మొరాయిస్తే సారు ఆ మాట ముందు సుడో అని తగిలించేవాడు. పాస్‌వర్డు ఇవ్వగానే అది నోరెత్తకుండా చెప్పింది చేసేది. "ఏంది సార్ ఆ మాట?" అని అడిగితే, "అది పెద్దరికమమ్మా, పెడితే కాదనదు" అని తీగలు సర్దుకుంటూ చెప్పి వెళ్లిపోయాడు. తీరిగ్గా కూర్చుని చెప్పాల్సిన మాట అది. ఆయన నిలబడి చెప్పాడు.

అట్లా జూను నెల గడిచింది. నెలాఖరు గురువారం నాలుగింటిలోపు జాబితా ఒంగోలు చేరాలి. నాలుగు దాటితే తీసుకోమని ఆఫీసు వాళ్లు రెండుసార్లు ఫోను చేసి చెప్పారు. ఆ రోజు బ్రహ్మం సారు గిద్దలూరులో బంధువుల ఇంట్లో పని చూసుకుని బస్సులో నంద్యాల పోతున్నాడు. "ఏముందమ్మా, జాబితా అని కొట్టు, పంపు అని కొట్టు, అయిపోతాది" అని ఫోనులో ధైర్యం చెప్పి బస్సెక్కాడు.

మధ్యాహ్నం రెండింటికి జీవరత్నం జాబితా అని కొట్టింది. ఊళ్ల పేర్లు వరసగా పడ్డాయి. ఆఖర్న లెక్క పడింది, నలభై ఒకటి.

మళ్లీ కొట్టింది. మళ్లీ నలభై ఒకటే. మస్తానయ్య పోయి అలమరలో సీసాలు లెక్కపెట్టి వచ్చాడు. "నలభై రెండుండాయక్కా." గోడమీది పటం చూశారు, నలభై రెండు. ఇద్దరూ ఒక్కో ఊరే చదువుతూ వేలుపెట్టి చూస్తే, లేనిది తుమ్మగొంది.

జీవరత్నానికి ముందు నవ్వొచ్చింది. నలభై రెండు ఊళ్లలో పోయి పోయి ఆ ఊరే పోవాలా! నవ్వు అయిపోయాక కుర్చీ ముందుకు లాక్కుంది. తెరను జాగ్రత్తగా పైకి జరిపి చూస్తే, ఊళ్ల పేర్లకు పైన ఒక్క లైను ఇంగ్లీషు. తుమ్మగొంది, పర్మిషన్ డినైడ్.

"అనుమతి లేదంట" అంది.

"ఎవురికి?" అన్నాడు మస్తానయ్య.

"నాకేనేమో."

"మీ ఊరికి నీకు అనుమతి లేకపోవడమేందక్కా!"

సారుకు నాలుగైదుసార్లు ఫోను కొట్టింది. మోగలేదు. దిగువమెట్ట దాటితే అంతా అడవే, నల్లమల దిగి అవతలికి చేరేదాకా ఫోనుకు ప్రాణం రాదు. రెండున్నరయింది.

సరే, పెద్దరికం ఉండనే ఉంది కదా అని సుడో పెట్టి జాబితా కొట్టింది. పాస్‌వర్డు అడిగింది, ఇచ్చింది. ఈసారి కంప్యూటరు కొత్తగా మాట్లాడింది. జీవరత్నం అనే మనిషికి సుడో హక్కు లేదట. పైగా, ఈ సంగతి రిపోర్టు చేయబడుతుందట.

పదో తరగతి ఇంగ్లీషుకు అది స్పష్టంగానే అర్థమైంది, అదే వచ్చిన బాధ. ఎవరికి రిపోర్టు చేస్తుంది? ఒంగోలుకా? పోలీసులకా? తప్పు చేసినవాళ్ల పేరు రాసుకునే మిషను ముందు ఇన్నాళ్లూ కాఫీ తాగుతూ కూర్చుందా తను? వాకిలి వైపు చూసింది. మస్తానయ్య కూడా చూశాడు. ఎండలో ఒక మేక తప్ప ఎవరూ లేరు.

"మొన్నటిదాకా వినేది గదా ఈ మాట! ఈ పొద్దు నేనేం చేసినా దీనికి?" అంది ఏడుపు గొంతుతో.

గోడమీది కాగితం మళ్లీ చదివి, ఎల్ఎస్ మైనస్ ఎల్ కొట్టింది. నలభై రెండు లైన్లు పడ్డాయి. ఫైలుందన్నమాట, తుమ్మగొంది ఎక్కడికీ పోలేదు. ప్రతి లైనులో ఫైలు ఎవరి పేరున ఉందో ఉంటుందని సారు ఒకసారి చెప్పాడు. నలభై ఒక్క లైన్లలో జీవరత్నం అని చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. ఒక్క తుమ్మగొంది ఎదురుగా రూట్ అని ఉంది.

"ఎవరీ రూట్?"

"మనకంటే ముందు పనిచేసినోళ్లేమో" అన్నాడు మస్తానయ్య. ఆ గదిలో వాళ్లకంటే ముందు పనిచేసినవాళ్లెవరూ లేరు.

జీవరత్నానికి కోపం వచ్చింది. భయం పోయి కోపం వచ్చింది. నాయన చేతిలోని పదకొండు నకళ్లు కళ్లముందు ఆడాయి. మళ్లీ అదే! ఊరు మనది, నీళ్లు మనవి, కాళ్లు వంకర పోయింది మనవాళ్లకు, పేరు మాత్రం ఇంకొకడిది. ఎవడో రూట్. ముఖం చూపించడు, ఫోనెత్తడు, తుమ్మగొంది మీద కూర్చుని లేవడు.

"మా నాయన తిరిగినట్ల నేను తిరగను మస్తానూ. నాలుగు లోపల వీని సంగతి తేల్చాల" అంది.

తేల్చడానికి ఆ లైనునే కళ్లు పొడుచుకుని చూసింది. పేరు తర్వాత ఏదో అంకె, ఆ తర్వాత నెల, తేదీ. జూను పన్నెండు. ఆ తేదీ ఆమెకు బాగా గుర్తుంది.

జూను పన్నెండున మస్తానయ్య తుమ్మగొంది సీసా తెచ్చాడు. "మీ అమ్మే బోరు కొట్టి పట్టిచ్చిందక్కా, వద్దన్నా విన్లేదు" అన్నాడు. చాపలేని మోకాళ్లతో అమ్మ బోరు కొట్టిన నీళ్లు. జీవరత్నం చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, కీబోర్డు ముందు కూర్చుంది. మిగతా ఊళ్లకు ఫైళ్లు ఉత్తినే తెరిచింది. తన ఊరికి అట్లా తెరవబుద్ధి కాలేదు. అమ్మ ఉన్న ఊరు, నాయన సమాధి ఉన్న ఊరు. దారిన పోయేదా అది? ముందు సుడో పెట్టి, అప్పుడు ఫైలు తెరిచింది. పత్రికలో పెద్దల పేరు ముందు శ్రీ పెట్టినట్టు.

పెద్దరికం పెట్టి తెరిచిన ఫైలు ఆ పెద్ద పేరునే పడుతుందన్నమాట, ఆ పెద్దే రూట్. ఊరిని రూట్ పేరున రాసిచ్చింది తనే.

"ఏమైందక్కా?" అన్నాడు మస్తానయ్య.

"ఆ రూట్ ఎవరో తెలిసింది" అంది జీవరత్నం. "నేనే తెచ్చి కూచోబెట్టినా."

ఎట్లా లేపాలో మాత్రం తెలియలేదు. మూడయింది. ఫైలు తెరిస్తే తెరుచుకుంది, అంకె కనిపించింది. దిద్దబోతే మాత్రం రాయడానికి అనుమతి లేదంది, జాబితా వేసే తేదీ ముద్ర పడనిదీ అందుకే. చూడు గానీ ముట్టుకోకు. ఈ పద్ధతి ఎక్కడో చూసిందే, చిన్నప్పట్నుంచీ చూసిందే. ఆఫీసులో కూడా అంతే. చూపిస్తారు, అడిగితే నకలు ఇస్తారు, పేరు మార్చరు.

నకలు!

గోడ మీద సీపీ అని ఉంది. నకలుతో ఏమొస్తుంది, దిండు కింద పెట్టుకోవడానికి తప్ప, అనుకుంటూనే కొట్టింది. తుమ్మగొంది ఫైలుకు నకలు తీసి, వేరే చోట పెట్టి, ఎల్ఎస్ మైనస్ ఎల్ కొట్టి చూసింది. చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ చూసింది. నకలు ఎదురుగా రూట్ లేడు. జీవరత్నం అని ఉంది.

ఇదేం మాయో ఆమెకు అంతుబట్టలేదు. నకలు తీసినవాళ్లదే నకలట! ఏ ఆఫీసులోనైనా ఉందా ఇట్లాంటి న్యాయం? ఉండి ఉంటే నాయనకు పదకొండుసార్లు పొలం వచ్చి ఉండేది. ఎక్కువ ఆలోచిస్తే ఉన్న ధైర్యం కూడా పోతుందని ఆలోచన ఆపేసింది.

ఇక చేయాల్సింది రెండే పనులు. ఎంవీ కొట్టి రూట్ ఫైలును ఆ వరసలోంచి బయటికి తరలించడం, దాని నకలును తుమ్మగొంది అన్న పేరుతో ఆ ఖాళీలో పెట్టడం. మొదటిది కొట్టింది. ఫైలు కదిలింది. ఇప్పుడు వరసలో నలభై ఒక్క ఊళ్లే ఉన్నాయి, తుమ్మగొంది అసలే లేదు.  రెండోది ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టి, ఎంటర్ నొక్కింది.

నొక్కాక, ఇరవై నాలుగేళ్ల అలవాటు కొద్దీ, అంత ముఖ్యమైన లైను కరెంటు పాలు కాకూడదని, ఎడమచేతి రెండు వేళ్లు వంగాయి. కంట్రోల్ ఎస్.

తెర కొయ్యబారిపోయింది.

ఇన్నాళ్లూ ఫైల్లో కూర్చుని ఆ రెండు మీటలు నొక్కితే బుద్ధిగా దాచుకునేది. ఇది ఫైలు బయట. ఆ తేడా వేళ్లకు తెలియదు. జాబితా అని కొట్టింది, ఏమీ పడలేదు. ఇప్పటిదాకా కనీసం తిట్టేది, ఇప్పుడు తిట్టడం కూడా మానేసింది. మళ్లీ కొట్టింది. అప్పుడు మొదటిరోజు పాఠం గుర్తొచ్చింది. చూపించకపోయినా లోపల తీసుకుంటుంది! అదేనేమో అనుకుని జాబితా కొట్టి, ఎంటర్ నొక్కి, పంపు కొట్టి, ఎంటర్ నొక్కింది. చీకట్లో పోపు వేసినట్టుంది యవ్వారం. రెండుసార్లు కొట్టింది, మూడుసార్లు కొట్టింది, నాలుగోసారి నోట్లో ప్రార్థన చెప్పుకుంటూ కొట్టింది, అయిదోసారి ప్రార్థన కూడా సరిగ్గా రాలేదు.

మూడు నలభై అయింది. "తీసి పెడదామక్కా, కుదురుకుంటాది" అని మస్తానయ్య స్విచ్చి మీద చెయ్యి వేశాడు.

"ముట్టుకోవాకు!" అని అరిచింది జీవరత్నం. ఆయన ఎగిరిపడ్డాడు. ఇన్నేళ్లలో ఆవిడ గొంతు అంత లేస్తుందని ఆవిడకే తెలియదు. "ఆర్పితే పదహారు పేజీలూ పోతాయి మస్తానూ" అంది. పదహారు పేజీలేందో ఆయనకు అర్థం కాలేదు గానీ చెయ్యి తీసేశాడు.

తప్పంతా తనదే అనిపించింది. పత్రికలు కొట్టుకునే మనిషికి ఈ పనెందుకు? తన కుర్చీలో వేరే ఊరి మనిషి ఎవరు కూర్చున్నా తుమ్మగొంది ఈపాటికి ఒంగోలు చేరి ఉండేది. ప్రేమ చూపించబోయి సొంత ఊరినే ముంచింది. నలభై ఒక్క ఊళ్లనైనా పంపాలి కదా, వాళ్లూ ఆ నీళ్లే తాగుతున్నారు. అది కూడా చేతకాకుండా పోయింది. కళ్లనీళ్లు కీబోర్డు మీద పడకుండా కుర్చీ వెనక్కి జరుపుకుంది.

మూడు యాభైకి ఫోను మోగింది. బస్సు అడవి దాటినట్టుంది.

"ఏమ్మా, పంపినావా? ఇన్ని మిస్డ్ కాల్సేంది?"

జీవరత్నం చెప్పింది వరసగా లేదు. రూట్ అంది, రిపోర్టు అంది, నాయన అంది, నకలు అంది, బిగుసుకుపోయిందంది.

"సుడో నేనే తీసేసినా. నువ్వు కనపడినదానికల్లా పెడతన్నావని, మొన్ననే. చెప్పడం మర్చిపోయినానమ్మా, నాదే తప్పు. రిపోర్టంటే నాకే వస్తాది, భయపడవాకు. అది సరే, బిగుసుకుపోయే ముందు ఏం నొక్కినావు?"

"ఏం నొక్కలేదు సార్."

"బాగా గుర్తు చేసుకో. కంట్రోల్ ఎస్ గానీ..."

"అది నొక్కడమేంది సార్? లైనుకోసారి సేవు చేసుకోకపోతే కరెంటు పోతే ఎట్ల?"

అవతల బస్సు హారను వినిపించింది. బ్రహ్మం సారు ఈసారి నవ్వలేదు. "బయట నొక్కితే అది తెరను ఆపేస్తాది తల్లీ. కంట్రోల్ క్యూ నొక్కు. మళ్లా కదుల్తాది" అన్నాడు.

నొక్కింది. తెర కట్ట తెగినట్టు కదిలింది. ఇంతసేపూ గుడ్డిగా కొట్టినవన్నీ లోపలే కూడుకుని ఉన్నాయి. ముందు నకలు పడింది. వెనకనే జాబితా పడింది, మళ్లీ జాబితా, పంపు, జాబితా, పంపు, ఒకదాని మీద ఒకటి పైకి ఎగబాకాయి. జీవరత్నం కుర్చీలోంచి లేచి నిలబడింది. ఆఖరికి తెర ఆగింది. లెక్క నలభై రెండు. మెయిలు పోయిందని అయిదు లైన్లు.

నాలుగుకు మూడు నిమిషాల ముందు ఒంగోలు నుంచి ఫోనొచ్చింది. "అమ్మా, అందింది. అయిదుసార్లు అందింది. ఇంక పంపొద్దు" అన్నాడు అవతలి ఆయన విసుగ్గా. ఆ విసుగంత తియ్యటి మాట ఈ మధ్య ఆమె వినలేదు.

మస్తానయ్య టీకి పోయాడు. జీవరత్నం ఒంటరిగా కూర్చుని ఎల్ఎస్ మైనస్ ఎల్ కొట్టింది. తుమ్మగొంది, దాని ఎదురుగా జీవరత్నం. ఏమీ దిద్దకుండా ఆ లైనును ఊరికే చూసింది. వేల మంది పేర్లు కొట్టిన మనిషి, తన పేరు తన ఊరి పక్కన ఉండటం ఇదే చూడటం. నాయన ఉంటే చూపించేది. ఇదెట్లా కుదిరిందని ఆయన అడిగేవాడు.

జాబితా తెరిచింది. పైనుంచి మొదటి పేరే తుమ్మగొంది. ఆపుకోలేక అమ్మకు ఫోను చేసింది.

"అమ్మా, మనకు ప్లాంటు వస్తాది. నలభై రెండు ఊళ్లల్లో మన ఊరే ఫస్టు!"

"స్తోత్రం నాయనా, స్తోత్రం!" అంది ఏసమ్మ. "మన నీళ్లు పాసైనాయన్నమాట."

జీవరత్నం తెరమీది అంకె వైపు చూసింది.

"ఎన్ని మార్కులొచ్చినాయి రత్నమ్మా?"

"మార్కులు కాదమ్మా. ఆరు పాయింట్ ఒకటి. ఒకటిన్నర దాటకూడదంట. అందరికంటే చెడ్డయి మనవేనమ్మా, అందుకే మనం ముందు."

అటు ఏసమ్మ ఫోను రెండో చెవికి మార్చుకున్న చప్పుడైంది.  

"ఆ నీళ్లే గదమ్మా" అంది ఏసమ్మ, "నీకు పాలు చాలకపోతే కాచి పోసి పెంచింది."